పక్క బెడ్డు అమ్మను ఏం అడగొచ్చు?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద వచ్చాయి. ఏళ్ల తరబడి మందులతో నెట్టుకురావాల్సిన పిల్లల తల్లులు ఒకరికొకరు ఎలా ఆసరా కావాలని. వాటిలో ఐదింటిని కుదించి ఇస్తున్నాం. రాసినవాళ్ల పేర్లు కావాలనే వేయలేదు.

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. మూడు నెలల కిందట టైప్-1 షుగర్ అని తేలింది. ఇన్సులిన్ ఎట్లా వేయాలో ఆసుపత్రిలో నేర్పించిన్రు. ఇంటికొచ్చినంక పూటకో అనుమానం. మా అక్కకు చెప్తే ‘చిన్నపిల్లకు షుగరేంది, స్వీట్లు ఎక్కువ పెట్టినవా’ అంటది. ఇదే బాధ పడుతున్న ఇంకో తల్లితో మాట్లాడాలని ఉంది. ఎక్కడ దొరుకుతరు? దొరికితే ఏం అడగాలి?
– కూకట్‌పల్లి

జవాబు: ముందు మీ అక్కగారి మాట సంగతి చూద్దాం. టైప్-1 స్వీట్ల వల్ల రాదు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను ఒంట్లోని రక్షణ వ్యవస్థే శత్రువనుకుని దెబ్బతీస్తుంది, అందువల్ల వస్తుంది. మీరు పెట్టిన లడ్డూకూ దీనికీ సంబంధం లేదు. ఈ మాట ఇంటికి వచ్చిపోయే ప్రతివాళ్లకూ చెప్పాల్సివస్తుంది, నోటికి పట్టించుకోండి.

తోటి తల్లుల కోసం దూరం పోనక్కర్లేదు. పిల్లల హార్మోన్ల డాక్టర్లు చాలాచోట్ల వారానికి ఒకటి రెండు రోజులే ఓపీ చూస్తారు. అందుకని ఒకే జబ్బున్న పిల్లలు ఒకే రోజు, ఒకే బెంచీల మీద కూర్చుని ఉంటారు. మీకు సూది వేయడం నేర్పిన నర్సునో, డయాబెటిస్ ఎడ్యుకేటర్‌నో అడగండి: ‘మా పాప ఈడు పిల్ల ఉన్న తల్లి, జబ్బు బయటపడి రెండేళ్లు దాటినవాళ్లు ఎవరైనా మాట్లాడతానంటే నా నంబరు వాళ్లకివ్వండి.’ మీ నంబరు ఇవ్వండి, వాళ్ల నంబరు అడక్కండి. ఇంకో రోగి నంబరు ఆసుపత్రివాళ్లు ఇవ్వకూడదు. ఆ తల్లి తీరిక చూసుకుని తనే ఫోను చేస్తే మాట కూడా నిదానంగా సాగుతుంది. రెండేళ్లు అని ఎందుకంటే, నిన్నమొన్న బయటపడినవాళ్లు మీలాగే బెదిరి ఉంటారు. ఇద్దరూ కలిసి ఏడవడానికి పనికొస్తారు, అదీ అవసరమే. కానీ ‘స్కూల్లో మధ్యాహ్నం సూది ఎవరు వేస్తారు’ అన్నదానికి వాళ్ల దగ్గర జవాబుండదు.

అడగాల్సినవి అలాంటివే. క్లాస్ టీచర్‌కు ఏం రాసిచ్చారు? ఆటల పీరియడ్‌కు ముందు ఏం తినిపిస్తారు? రైల్లో ఊరెళ్లేటప్పుడు ఇన్సులిన్ ఎలా తీసుకెళ్లారు? పెళ్లి భోజనంలో పిల్లను ఎలా కూర్చోబెట్టారు? ఇవి పుస్తకాల్లో దొరకవు.

ఉదాహరణకు ఎండాకాలం. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, వాడుతున్నది 30 డిగ్రీలు దాటని చోట చాలా రకాలకు నాలుగు వారాలు బయట ఉండొచ్చు అని ఆసుపత్రిలో చెప్తారు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదులో రేకుల ఇంట్లోనో, డాబా కింది పై అంతస్తులోనో 30 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి? ఫ్రిజ్ లేని తల్లులు చేసే పద్ధతి ఇది. పెద్ద మట్టికుండలో నాలుగు వేళ్ల మందం ఇసుక పోసి, దాని మీద చిన్న కుండ పెట్టి, చుట్టూ సందులో కూడా ఇసుక నింపుతారు. పొద్దున, సాయంత్రం ఇసుకను తడుపుతారు. ఇన్సులిన్‌ను మూత బిగుసుకునే చిన్న డబ్బాలో పెట్టి లోపలి కుండలో ఉంచి, పైన తడిబట్ట కప్పుతారు. కుండలు నీడలో, గాలి తగిలే చోట ఉండాలి. మూసిన అలమరాలో పెడితే నీరు ఆవిరికాదు, కుండ చల్లబడదు. ఫ్రిజ్ ఉన్నవాళ్లు చేసే పొరపాటు ఇంకొకటి: ఫ్రీజర్ గోడకు ఆనించి పెట్టడం. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచేయదు, చూడ్డానికి మాత్రం మామూలుగానే ఉండొచ్చు.

అడగకూడనిది ఒక్కటే: ‘ఎంత?’ షుగర్ పడిపోతే, అంటే 70 కంటే తగ్గితే, ‘మేమైతే మూడు చెంచాల గ్లూకోజు ఇస్తాం’ అని ఒకామె చెప్తుంది. ఆమె కొడుకుకు పదిహేనేళ్లు, 50 కిలోలు. పిల్లలకు సాధారణంగా కిలో బరువుకు 0.3 గ్రాముల లెక్కన చూస్తారు. 50 కిలోలకు 15 గ్రాములు, అంటే మూడు, నాలుగు టీస్పూన్లు. మీ పాప 20 కిలోలు ఉంటే 6 గ్రాములు, ఒకటిన్నర చెంచా చాలు. మూడు చెంచాలు పోస్తే షుగరు బాగా ఎక్కిపోయి మీరు ఇంకోలా బెదిరిపోతారు. మీ పాప లెక్క డాక్టర్ చేత కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించండి. చాక్లెట్ వద్దని మాత్రం ఏ తల్లి చెప్పినా నమ్మండి. దాంట్లోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా ఎక్కుతుంది. పిల్ల స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కు ఫోను చేయండి.

ప్రశ్న: మేము 14 మంది షుగర్ పిల్లల తల్లులం ఏడాది కింద వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నం. మొదట్ల బాగుండె. ఇప్పుడు గుడ్ మార్నింగులు, కాకరకాయ కషాయాలు. పోయిన వారం ఒకామె ‘పెన్ను పాడైంది, ఏం చెయ్యాలె’ అంటే ఇంకొకామె ‘అందులోకెల్లి సిరంజితోని పది గీతల దాక లాగు’ అన్నది. ఆ పాపకు రాత్రి షుగర్ పడిపోయింది. నయమయింది గానీ ఇద్దరికీ మాటల్లేవు. కలుద్దామంటే ఐదుగురు కూడా వస్తలేరు. మూసేయాల్నా?
– ఉప్పల్

జవాబు: మూసేయకండి. ముందు ఆ రాత్రి ఏం జరిగిందో అందరికీ అర్థమయ్యేలా చెప్పండి. ఇద్దరి మధ్య మాటలు కలవడానికీ అదే దారి.

మన దగ్గర ఇన్సులిన్ ఎక్కువగా రెండు గాఢతల్లో దొరుకుతుంది. చాలా వయల్స్ (చిన్న సీసాలు) యూ-40, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. పెన్నులో వేసే కార్ట్రిడ్జ్ యూ-100, అదే మిల్లీలీటరులో 100 యూనిట్లు. సిరంజిలూ రెండు రకాలు: ఎర్ర మూతది యూ-40కి, నారింజ మూతది యూ-100కి. కార్ట్రిడ్జ్ నుంచి ఎర్ర మూత సిరంజితో పది గీతలు లాగితే వచ్చేది 10 యూనిట్లు కాదు. పావు మిల్లీలీటరు, అంటే 25 యూనిట్లు, రెండున్నర రెట్లు. తారుమారైతే, అంటే వయల్ నుంచి నారింజ మూత సిరంజితో పది గీతలు లాగితే 4 యూనిట్లే పోతాయి, షుగరు తగ్గదు. చెప్పినామె చెడ్డది కాదు. ఆమె ఇంట్లో ఏళ్లుగా వయలూ ఎర్ర మూత సిరంజీ వాడుతున్నారేమో, ఆమెకు ‘గీత’ అంటే ‘యూనిట్’. పెన్ను పాడైతే చేయాల్సింది క్లినిక్‌కు ఫోను. ఇంట్లో ఒక అదనపు పెన్ను ఉంచుకోవడం ఇంకా మంచిది.

కాబట్టి గ్రూపు మొదటి కట్టుబాటు: అంకెలు రాయకూడదు. యూనిట్లు, మిల్లీగ్రాములు, మాత్రలు ఎన్ని, ఏవీ వద్దు. ఎవరైనా రాస్తే అడ్మిన్ వెంటనే తీసేసి ‘డాక్టర్‌ను అడగండి’ అని ఒక్క ముక్క పెట్టాలి. తీసేసినందుకు అలిగే హక్కు ఎవరికీ లేదని చేరేటప్పుడే చెప్పాలి.

గ్రూపును రెండు చేయండి. ఒకటి సమాచారానికి, దాంట్లో అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగ్ మార్చండి. ఏ మందుల షాపులో షుగరు చూసే స్ట్రిప్పులు వచ్చాయి, వచ్చే కలయిక ఎప్పుడు, అంతే. రెండోది కబుర్లకు. గుడ్ మార్నింగులు అక్కడ పెట్టుకోనివ్వండి, పొద్దున్నే దీపం బొమ్మ పంపడం కూడా కొందరికి ‘నేనున్నా’ అని చెప్పడమే. కషాయాలు మాత్రం రెండింట్లోనూ వద్దు. షుగరు నయం చేస్తామని ప్రకటించి మందు అమ్మడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. కషాయాన్ని నమ్మి టైప్-1 బిడ్డకు ఇన్సులిన్ ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే వాంతులు, ఆయాసం, కడుపునొప్పితో ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సివస్తుంది. ప్రిస్క్రిప్షన్ల ఫొటోలు కూడా ఆపించండి, వాటి మీద బిడ్డ పేరు, ఫోను నంబరు, ఆసుపత్రి నంబరు ఉంటాయి. చాలా ఇళ్లలో ఆ ఫోను భర్త చేతిలోనో, మరిది చేతిలోనో ఉంటుందన్నది కూడా మరవొద్దు. అత్తింటి గొడవ గ్రూపులో రాసిన తల్లి సాయంత్రం దానికి జవాబు చెప్పుకోవాల్సివస్తుంది. అలాంటి మాటలు కలిసినప్పుడే. చదువు రాని తల్లులుంటే ముఖ్యమైనవి వాయిస్ మెసేజ్‌లుగా కూడా పంపండి. ఉర్దూ మాట్లాడే తల్లులుంటే ఉర్దూలో కూడా.

కలవడానికి ఎందుకు రావడంలేదంటే, బహుశా రోజు, చోటు కుదరడంలేదు. రెండో శనివారం బడులకు సెలవు కాబట్టి ఆ రోజు 11 గంటలకు పెట్టి పన్నెండున్నరకు ఆపండి. అంతకంటే సాగితే వంట ఆలస్యమై వచ్చే నెల సగంమంది రారు. చోటు వెతికేటప్పుడు మెట్రో స్టేషన్ కంటే సిటీ బస్టాపు చూసుకోండి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు కదా, మెట్రోకు రానూపోనూ డబ్బులడగాలి. దారి చెప్పడానికి మాత్రం మెట్రో పిల్లర్ నంబరే మేలు. టాయిలెట్, సూది వేయడానికి చాటు, పిల్లలు ఆడుకోవడానికి పక్కన ఇంకో గది ఉండాలి. పిల్లల దగ్గర షుగరు చూడటం వచ్చిన పెద్దమనిషి ఒకరు, గ్లూకోమీటరు, గ్లూకోజు డబ్బా ఉండాలి. పిల్లలు వినేంత దగ్గరలో తల్లులు ‘దీని బతుకేమవుతుందో’ అనుకోవడం చాలా గ్రూపుల్లో జరిగే తప్పు. ఎనిమిదేళ్ల పిల్లకు అంతా వినిపిస్తుంది.

కుర్చీలు గుండ్రంగా వేయండి. ఎనిమిది, పది మంది దాటితే రెండు గుంపులు చేయండి. మొదటి పావుగంట ఒక్కొక్కరు ఒక్క మాట: పోయిన నెలలో ఏది కష్టమయింది అని. మధ్యలో ఎవరూ సలహా ఇవ్వకూడదు. దీన్ని పాటించడం మనవాళ్లకు మహా కష్టం, ఎదుటివాళ్ల నోట్లో మాట పూర్తికాకముందే ‘నువ్వు ఒక పని చెయ్’ అంటాం. తర్వాత అందరికీ పనికొచ్చే ఒకే విషయం తీసుకుని అరగంట. పరీక్షల కాలం, జ్వరం రోజులు, వినాయక చవితి ఉండ్రాళ్లు, ఏదైనా సరే. మిగతా సమయం చాయ్, ఊరికే ముచ్చట. నెలనెలా డాక్టర్‌ను పిలిచి ఉపన్యాసం పెట్టించకండి. డాక్టర్ కూర్చుంటే తల్లులు నోరు విప్పరు. మూడు నెలలకోసారి, రాసిపెట్టుకున్న ప్రశ్నలతో పిలిస్తే చాలు.

అన్నీ మీరొక్కరే చూసుకోకండి. హాలు ఒకరు, ఫోన్లు ఒకరు, పిల్లల గది ఒకరు, ఆరు నెలలకు మారాలి. ఒక్కరి భుజాన నడిచిన గ్రూపు ఆవిడ బిడ్డ ఆసుపత్రిలో చేరిన నెలలో ఆగిపోతుంది.

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు, థలసేమియా మేజర్. మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తాం. మాది మేనరికం. పక్క బెడ్డు అక్క ‘ఇంకొకరిని కను, ఆ బిడ్డ మూలుగతో వీడికి నయమవుతుంది’ అంటుంది. ఇంకొకామె ‘మళ్లీ కంటే ఆ బిడ్డకూ ఇదే, కనకు’ అంటుంది. మా అత్తమ్మ నాదే దోషమంటుంది. ఎవరి మాట వినాలి?
– రాజేంద్రనగర్

జవాబు: పక్క బెడ్డు అక్కలిద్దరూ మంచి మనసుతోనే చెప్పారు, ఇద్దరూ సగం సగమే చెప్పారు.

బిడ్డకు థలసేమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు, రావాలంటే తల్లి, తండ్రి ఇద్దరూ క్యారియర్లై, అంటే తమకు జబ్బు లేకున్నా ఆ జన్యువు మోస్తూ, ఉండాలి. చెరొక జన్యువు ఇస్తేనే వస్తుంది. ఒక్కరి దోషం అనే మాటే లేదు. మేనరికంలో ఇద్దరూ ఒకే తాతముత్తాతల నుంచి ఆ జన్యువు తెచ్చుకునే అవకాశం ఎక్కువ, కానీ బయటి సంబంధాల్లోనూ వస్తుంది. మీ అత్తమ్మగారికి మీరు చెప్తే గొడవవుతుంది. రక్తం ఎక్కించే రోజు ఆమెనూ వెంట తీసుకెళ్లి కౌన్సెలర్ చేత చెప్పించండి. మీ బాబుకు ఆమె నాయనమ్మ కదా, ఆ మంచం పక్కన కూర్చుంటే వినే తీరు మారుతుంది.

మీ ఇద్దరికీ ప్రతి కాన్పులోనూ బిడ్డకు మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, క్యారియర్ అయ్యే అవకాశం నాలుగింట రెండు, ఏమీ లేకపోవడం నాలుగింట ఒకటి. ‘ఒకరికి వచ్చింది కదా, ఇక మిగతావాళ్లకు రాదు’ అనుకోవడం తప్పు, ప్రతిసారీ లెక్క మొదటినుంచే. మూలుగ సరిపోయే లెక్క వేరు. తోబుట్టువుల్లో హెచ్‌ఎల్‌ఏ, అంటే ఒకరి మూలుగ ఇంకొకరికి సరిపోతుందో లేదో చెప్పే గుర్తులు, పూర్తిగా కలిసే అవకాశమూ నాలుగింట ఒకటే. థలసేమియా జన్యువు, హెచ్‌ఎల్‌ఏ జన్యువులు వేర్వేరు క్రోమోజోముల మీద ఉంటాయి కాబట్టి రెండూ కలిసి రావాలన్న నియమం లేదు. మేజర్ కాకుండా, మూలుగ కూడా సరిపోయే బిడ్డ పుట్టే అవకాశం పదహారింట మూడు. క్యారియర్ బిడ్డ కూడా దాతగా పనికొస్తుంది. పదహారింట మూడు అంటే ఆశ ఉంది. కానీ ‘కను, నయమవుతుంది’ అనేంత తేలిక కాదు. మూలుగ మార్పిడికి దాని ప్రమాదాలు దానికున్నాయి.

ఇంకొకరు కావాలనుకుంటే గర్భం రాకముందే జన్యు పరీక్షల క్లినిక్‌కు వెళ్లండి. మీ ఇద్దరి రక్తంలో ఏ మార్పు ఉందో ముందే పట్టుకుంటేనే, గర్భం పదకొండు, పన్నెండు వారాలప్పుడు మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ స్థితి చెప్పగలరు. చాలామంది మూడో నెల దాటాక పరుగెత్తుకొస్తారు, అప్పుడు తల్లిదండ్రుల పరీక్ష ఫలితానికే వారాలు గడిచిపోతాయి. మీ తోబుట్టువులకు, మీవారి తోబుట్టువులకు పెళ్లి సంబంధాలు చూసేముందు హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష చేయించమనండి. సాధారణంగా 3.5 శాతం దాటితే క్యారియర్‌గా చూస్తారు.

శివరాంపల్లిలో థలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి పనిచేస్తోంది, మీ ఇంటికి దూరం కాదు. రక్తం ఎక్కే మూడు నాలుగు గంటలూ పక్క పక్కనే కూర్చునే తల్లులకు వేరే మీటింగ్ అక్కర్లేదు. ఆ గంటల్లో పక్క అక్కను అడగండి: ఐరన్ తగ్గించే మాత్ర పొద్దున్నే వాంతి కాకుండా దేనితో ఇస్తున్నారు, సూదికి నరం దొరకని రోజు బాబును ఎలా ఊరుకోబెట్టారు అని. కనాలా వద్దా అన్నది మాత్రం మీరూ మీవారూ కూర్చుని తేల్చుకోవాల్సింది. దాని మీద ఓటు వేయడానికి వార్డుకు అధికారం లేదు.

ప్రశ్న: థలసేమియా బాబుకు సదరం సర్టిఫికెట్ వచ్చిందని ఒకామె చెప్తే మా టైప్-1 పాపకు కూడా రెండుసార్లు తిరిగాను. రాదన్నారు. ఇంకొకటి, మా దగ్గర మిగిలిన ఇన్సులిన్, స్ట్రిప్పులు గ్రూపులో వేరేవాళ్లకు ఇవ్వొచ్చా?
– మలక్‌పేట

జవాబు: 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో థలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఉన్నాయి. టైప్-1 షుగరు లేదు. మీరు తిరిగిన రెండు రోజులూ ఇందుకే పోయాయి. కాగితాల విషయంలో అదే జబ్బున్న పిల్లల తల్లి మాటే వినండి. వేరే జబ్బు తల్లి నుంచి ధైర్యం తీసుకోండి, దరఖాస్తు ఫారం వద్దు.

మందులు చేతులు మార్చకండి. మీ ఇన్సులిన్ మంచిదే కావచ్చు, కానీ ఆటోలో అరగంట ఎండలో ఉందో, ఎవరింట్లోనో ఫ్రీజర్‌లో పెట్టారో అందుకునే తల్లికి తెలియదు. స్ట్రిప్పులు ఏ మీటరువి ఆ మీటరుకే సరిపోతాయి. డబ్బా తెరిచాక గాలి తగిలి కొంతకాలానికే చెడతాయి, ఎన్నాళ్లన్నది డబ్బా మీదే రాసి ఉంటుంది. సీల్ తీయనివి, తేదీ దాటనివి ఉంటే క్లినిక్‌లో నర్సుకు అప్పగించండి. తీసుకోవాలా, ఎవరికివ్వాలా అన్నది వాళ్లు చూసుకుంటారు.

ప్రశ్న: మా గ్రూపులో ఒక బాబు చనిపోయాడు. వాళ్లమ్మ ఇంకా గ్రూపులోనే ఉంది. మేము ఏం రాసినా ఆమెకు బాధ. తీసేస్తే ఇంకా బాధ. పైగా మాకూ నిద్రపట్టడంలేదు.
– ఈసీఐఎల్

జవాబు: తీసేయకండి. ఆమెకు బాగా దగ్గరైన ఒక్కరు, గ్రూపు కాదు, ఇంటికి వెళ్లి అడగాలి: ‘గ్రూపులో ఉంటావా, కొన్నాళ్లు మ్యూట్ చేసి పెట్టమంటావా, వదిలేస్తావా?’ ఇవాళ చెప్పిన జవాబు నెల తర్వాత మారొచ్చు, మళ్లీ అడగండి.

బాబు పోయిన సంగతి గ్రూపులో చెప్పేముందు కుటుంబం ఒప్పుకోవాలి. ఎలా పోయాడన్నది రాయకండి, రాస్తే పది నిమిషాల్లో విచారణ మొదలవుతుంది: ఇన్సులిన్ మానేశారా, ఆలస్యంగా తీసుకెళ్లారా అని. ఆమె అది చదువుతుంది. ‘దేవుడికి ఇష్టమైనవాళ్లను ముందే తీసుకెళ్తాడు’, ‘ఇంకో బిడ్డను కను’ ఈ రెండు మాటలూ ఎవరూ అనకుండా చూడండి. బాబు పేరు పలకడానికి జంకకండి. చాలామంది తల్లులకు ఆ పేరు ఇంకెవరి నోటా వినపడకపోవడమే ఎక్కువ బాధ.

పదకొండో రోజో, ముస్లింల ఇళ్లలో నలభయ్యో రోజు చాలీస్వానో అయ్యేదాకా ఇంటినిండా జనం ఉంటారు. ఆ తర్వాతే ఇల్లు ఖాళీ అవుతుంది. మీ ఫోను అప్పుడు వెళ్లాలి. వారానికోసారి, ఎవరో ఒకరు, వంతులేసుకుని. ఆమె ఎత్తకపోతే ‘ఊరికే చేశా, మళ్లీ చేస్తా’ అని ఒక వాయిస్ చాలు.

మీ నిద్ర సంగతి. ‘మావాడికీ ఇలాగే అవుతుందా’ అన్న భయం ఇప్పుడు అందరిలోనూ ఉంది, దాన్ని గ్రూపులో ఊహలతో పెంచకండి. ఈ నెల కలయికకు డాక్టర్‌ను పిలిచి, ఆ బాబు కేసు గురించి కాకుండా, ఎవరి బిడ్డ గురించి వాళ్లు అడగండి. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. డబ్బులు పడవు, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఎవరైనా ‘నేనుండి ఏం లాభం’ అంటే దాన్ని మాటవరసకు అన్నదిగా వదిలేయకండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుట్టించినట్టు అవుతుందన్న భయం వద్దు. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకుండా ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఇన్సులిన్, మాత్రలు ఆమెకు అందకుండా దాచమనండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమనండి.

బాబు మిగిల్చిన ఇన్సులిన్, మీటరు, స్ట్రిప్పుల గురించి మాత్రం ఎవరూ అడగొద్దు. ఎప్పటికో ఆమే తీసి చేతిలో పెడితే, కాసేపు ఆమె దగ్గరే కూర్చుని, తర్వాత క్లినిక్‌లో ఇచ్చిరండి.